అడ్వాన్సు కట్టేముందు ఈ ఉత్తరం చదువు

పర్లాకిమిడి, ఒడిశా

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్నగారు ఫోన్ చేశారు. ఢిల్లీ దగ్గర ఏదో ప్రైవేటు యూనివర్సిటీలో నీకు పబ్లిక్ పాలసీ పీజీ సీటొచ్చిందట. పది రోజుల్లో అడ్వాన్సు కట్టకపోతే సీటు పోతుందని మెయిల్ పెట్టారట. పాతపట్నం పొలం మీద లోను పుడుతుందా అని అడిగారు. "రేపు చెప్తాను బావా" అని పెట్టేశాను. ఫోన్లో తేలే సంగతి కాదిది. పైగా బావతో మాట్లాడితే డబ్బు దగ్గర మొదలై డబ్బు దగ్గరే ఆగిపోతుంది. అందుకే నీకు రాస్తున్నాను.

ముందు ఆ పది రోజుల టెన్షన్ పక్కన పెట్టు. గడువు పెట్టి భయపెట్టడం బట్టల కొట్టువాడికీ తెలుసు, కాలేజీవాళ్ళకీ తెలుసు. వాళ్ళకో మెయిల్ రాసి మూడు సంగతులు అడుగు. నేను మానుకుంటే ఏ తేదీలోపు ఎంత వాపసు ఇస్తారు? రెండేళ్ళకీ హాస్టలు, మెస్సు, డిపాజిట్లతో కలిపి మొత్తం ఎంత? రెండో ఏడాది ఫీజు పెంచుతారా? ఫీజు వాపసుకి యూజీసీ (యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ) నియమాలున్నాయి కాబట్టి వాళ్ళు జవాబు చెప్పి తీరాలి. జవాబు రాతలో రాకుండా, ఫోన్ చేసి తియ్యగా మాట్లాడితే నీకు సగం విషయం అర్థమైనట్టే.

మా పెద్దాడి సంగతి నీకు పూర్తిగా తెలీదు. అప్పటికి నువ్వు చిన్నపిల్లవి. వాణ్ణి ఎంబీయే చేర్పించినప్పుడు కాలేజీవాళ్ళ పుస్తకంలో "సగటు జీతం" అని పెద్దక్షరాల్లో అంకె వేశారు. బ్యాంకులో అప్పులిచ్చే సీట్లో కూర్చునే మనిషిని, నేనే ఆ అంకె చూసి పడిపోయాను. ఎనిమిది లక్షల అప్పు, ఇల్లు తనఖా. వాడి మొదటి జీతం పద్దెనిమిది వేలు, ఈఎంఐ పధ్నాలుగు వేలు. మిగిలింది నేను నా పీఎఫ్‌లోంచి తీసి కట్టాను. వాడు ఇప్పటికీ ఆ సంగతి ఎత్తడు, నేనూ ఎత్తను.

సగటు ఎలా మోసం చేస్తుందో చూడు. పదిమందిలో ఒకడికి ఏడాదికి నలభై లక్షలొచ్చి, తొమ్మిదిమందికి ఐదేసి లక్షలొస్తే సగటు ఎనిమిదిన్నర లక్షలు. ఆ ఎనిమిదిన్నర ఆ గదిలో ఒక్కడికీ రాలేదు. కాబట్టి సగటు అడక్కు. జీతాలన్నీ వరసగా పేర్చితే సరిగ్గా మధ్యలో ఉన్నవాడికి ఎంతొచ్చిందో అడుగు. అసలు ఉద్యోగమే ఎంతమందికి రాలేదో కూడా అడుగు. అంతకన్నా మంచి పని, రెండేళ్ళ క్రితం అక్కణ్ణుంచి బయటికొచ్చిన నలుగుర్ని లింక్డిన్‌లో పట్టుకుని ఇప్పుడేం చేస్తున్నారో చూడటం. కాలేజీ తనంతట తాను చూపించే నలుగురు కాదు, నువ్వు వెతుక్కున్న నలుగురు.

ఇక చదువు సంగతి. నువ్వు పంపిన ఎస్‌ఓపీ, అదే, ఈ చదువు ఎందుకు కావాలో కాలేజీకి రాసిన కాగితం, చదివాను. "చిన్నప్పటి నుంచీ సమాజసేవ అంటే ఆసక్తి" అని మొదలుపెట్టావు. కోప్పడకు గానీ, అది చదివే ప్రొఫెసరు ఆ రోజు ఆ వాక్యం అప్పటికే యాభైసార్లు చదివి ఉంటాడు. మీ నాయనమ్మ పెన్షన్ ఆగిపోయిన ఆర్నెల్లూ బ్లాకాఫీసుకి తిరిగింది ఎవరు? నువ్వు కాదూ? పాత స్కూలు కాగితంలో తెలుగువాళ్ళు రాసుకున్న పేరు ఒకలా ఉంది. ఒడియాలో రాసుకుని అక్కణ్ణుంచి ఇంగ్లీషులోకి మార్చిన పేరు ఇంకోలా వచ్చింది. మన "రమణ" అక్కడ "రొమొణొ" అయిపోతాడు కదా. ఇంటిపేరు మనం ముందు రాస్తాం, వాళ్ళు చివర రాస్తారు. ఆధార్‌లో ఒకలా, ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పెన్షన్ జాబితాలో ఇంకోలా. కంప్యూటరు ఇద్దరు ముసలమ్మలు అనుకుంది. ఆ గుమస్తా చెడ్డవాడు కాడు, నీకు టీ కూడా ఇప్పించాడన్నావు. అయినా పని జరగలేదు. ఎందుకు జరగలేదు? ఎవరి చేతిలో ఆగింది? ఏ నిబంధన మారిస్తే ఇంకో ముసలమ్మకి అలా జరగదు? పబ్లిక్ పాలసీ అంటే ఈ మూడు ప్రశ్నలే అమ్మలూ. నీ ఎస్‌ఓపీ ఆ బ్లాకాఫీసు బెంచీ మీద మొదలవ్వాలి.

సరిహద్దులో పుట్టినవాళ్ళకి ఇది ఊరకే వచ్చిన ఆస్తి. కోరాపుట్ జిల్లాలో కొఠియా గ్రామాలే తీసుకో. పొట్టంగి వైపు నుంచి ఒడిశా, సాలూరు వైపు నుంచి ఆంధ్రా, రెండూ మావేనంటాయి. 1968లో సుప్రీంకోర్టుకెక్కిన తగువు. అక్కడ రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు ఉన్నవాళ్ళున్నారు. ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్లకి ఇది పుస్తకంలో ఒక పేజీ. నీకు మీ పెద్దమ్మ అత్తారి వైపు చుట్టాల కథ.

ఏ కోర్సైనా ముందు సిలబస్ తెరిచి చూడు. గణాంకాలు, ఆర్థికశాస్త్రం, చట్టం ఎలా తయారవుతుంది, పథకం పనిచేసిందో లేదో ఎలా కొలుస్తారు, ఊళ్ళో ఉండి చేసే ఫీల్డ్‌వర్క్, ఇవి గట్టిగా ఉండాలి. నాయకత్వం, విజన్, గెస్ట్ లెక్చర్లు అని నింపేసి ఉంటే జాగ్రత్త. రిటైరైన పెద్ద ఆఫీసర్లొచ్చి కబుర్లు చెప్తారు, వినడానికి బాగుంటుంది. దానికి లక్షలు పొయ్యక్కర్లేదు, యూట్యూబ్‌లో కావలసినన్ని ఉన్నాయి. ఇంకోటి, ఇచ్చేది యూజీసీ గుర్తించిన డిగ్రీయా, వాళ్ళ సొంత సర్టిఫికెట్టా చూసుకో. ఏడాది కోర్సుల్లో కొన్నిటికి డిగ్రీ ఉండదు. రేపు పీహెచ్‌డీకో, లెక్చరరు అర్హత పరీక్ష నెట్‌కో వెళ్తే అక్కడ తగులుకుంటావు.

నేనైతే ముందు చూసేది టిస్, అంటే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. హైదరాబాదు క్యాంపస్‌లో పబ్లిక్ పాలసీ, గవర్నెన్స్ ఎంఏ ఉంది. పలాసలో రైలెక్కితే నేరుగా సికింద్రాబాదు. (టిస్ పుట్టిందీ మన ఒడిశా రాష్ట్రం ఏర్పడిందీ ఒకే సంవత్సరం, 1936. మనల్ని గీతకి ఇవతల పడేసిన ఏడాదే అక్కడ సమాజసేవ నేర్పే బడి పెట్టారన్నమాట.) 2023 నుంచి అక్కడి పీజీ సీట్లకి సీయూఈటీ పీజీ అనే దేశవ్యాప్త ప్రవేశ పరీక్ష రాయాలి. అదే పరీక్షతో జేఎన్‌యూ లాంటి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకీ దారి ఉంటుంది. బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో 2014 నుంచి రెండేళ్ళ పబ్లిక్ పాలసీ మాస్టర్స్ నడుస్తోంది, పరీక్ష వేరే. ఐఐటీ బొంబాయిలోనూ ఉంది, లెక్కలంటే భయం లేకపోతే మంచిది. బెంగళూరులోనే అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో డెవలప్‌మెంట్ ఎంఏ ఉంది. పేరులో పాలసీ లేదని దాన్ని వదిలేయకు. అక్కడ ఇంటి ఆదాయం చూసి ఫీజు తగ్గిస్తారు, అవసరాన్ని బట్టి పూర్తిగా కూడా మాఫీ చేస్తారు. మార్కులు చూసి స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, ఇల్లు చూసి ఇచ్చేవాళ్ళు తక్కువ.

విదేశం ఈ ఏడాది మర్చిపో. బ్రిటన్ వాళ్ళ చెవెనింగ్ లాంటి పూర్తి స్కాలర్‌షిప్‌కి రెండేళ్ళ ఉద్యోగానుభవం అడుగుతారు, అమెరికాలో చదువుకిచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌కి మూడేళ్ళు. అప్పు చేసి ఇప్పుడు వెళ్ళేకన్నా ఇక్కడ చదివి, రెండు మూడేళ్ళు పనిచేసి, వాళ్ళ డబ్బుతో వెళ్ళడం నయం.

అప్పు దగ్గరికొద్దాం. ఇది నా సబ్జెక్టు కాబట్టి కొంచెం ఓపిక పట్టు.

బ్యాంకుల పద్ధతి మామూలుగా ఇలా ఉంటుంది. నాలుగు లక్షల దాకా మార్జిన్ మనీ అక్కర్లేదు. అది దాటితే, ఈ దేశంలో చదువుకి ఐదు శాతం మనం పెట్టుకోవాలి. ఏడున్నర లక్షల దాకా ఆస్తి తనఖా అడగకూడదు, దానికి ప్రభుత్వ గ్యారంటీ నిధి ఉంది. దాటితే అడుగుతారు. కోర్సు అయ్యాక ఇంకో ఏడాది వరకూ ఈఎంఐ మొదలవ్వదు, తర్వాత పదిహేనేళ్ళ వరకూ గడువిస్తారు. చాలా ప్రభుత్వ బ్యాంకుల్లో ఆడపిల్లలకి వడ్డీలో అర శాతం తగ్గింపు ఉంది. మేనేజరు తనంతట తాను చెప్పకపోతే నువ్వే అడుగు.

ఈఎంఐ మొదలవ్వలేదంటే వడ్డీ ఆగిందని కాదు. ఆరు లక్షల అప్పు, పది శాతం వడ్డీ అనుకో. సెమిస్టరుకి లక్షన్నర చొప్పున నాలుగుసార్లు ఇస్తారు. రెండేళ్ళ చదువు, పైన ఏడాది. ఈ మూడేళ్ళలో లక్షా ముప్పై ఐదు వేల వడ్డీ పోగవుతుంది, అది అసల్లో కలుస్తుంది. అప్పుడు ఏడు లక్షల ముప్పై ఐదు వేల మీద, పదేళ్ళకి పెట్టుకుంటే నెలకి దాదాపు 9,700. అదే మీ నాన్నగారు మొదటి నుంచీ వడ్డీ మాత్రం కట్టుకుంటూ పోతే ఈఎంఐ 7,900 చిల్లర. మొదటి ఆర్నెల్లూ ఆ వడ్డీ నెలకి 1,250 రూపాయలే. అది కొట్టు మీద బావ కట్టగలరు. అలా కట్టేవాళ్ళకి కొన్ని బ్యాంకులు ఒక శాతం వడ్డీ కూడా తగ్గిస్తాయి.

ఇప్పుడు ఇదే లెక్క ఇరవై లక్షలకి వేసి చూడు. ఈఎంఐ 32,000 దాటుతుంది. ఈ రంగంలో మొదటి ఉద్యోగం చాలామందికి ఏదో ఎన్‌జీవోలోనో, పరిశోధన సంస్థలోనో, ప్రభుత్వ ప్రాజెక్టులో కాంట్రాక్టు మీదో ఉంటుంది. నలభై ఐదు వేలు చేతికొచ్చిందనుకున్నా, అద్దె కట్టాక ఏం తింటావు? అప్పు పెద్దదైతే నీకు నచ్చిన పని చెయ్యలేవు. గజపతి జిల్లాలో పనిచెయ్యాలని చదువుకుని, ఈఎంఐ కోసం గురుగ్రామ్‌లో కన్సల్టెన్సీలో కూర్చుంటావు. నా లెక్క మోటుగా ఉంటుంది: వస్తుందనుకున్న మొదటి జీతంలో అయిదో వంతు దాటి ఈఎంఐ పోకూడదు. నలభై ఐదు వేలకి తొమ్మిది వేలు. అంటే మొదటి నుంచీ వడ్డీ కట్టుకుంటూ పోతే ఆరు లక్షల అప్పు దాకా సరే, ఆపైన ఒక్కో లక్షకీ వందసార్లు ఆలోచించు.

2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం ఒకటుంది. ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో మెరిట్ మీద సీటొస్తే, తనఖా లేకుండా, ష్యూరిటీ లేకుండా అప్పిస్తారు. ఇంటి ఆదాయం ఎనిమిది లక్షల లోపుంటే పది లక్షల వరకూ అప్పు మీద, ఈఎంఐ మొదలయ్యేదాకా వడ్డీలో మూడు శాతం ప్రభుత్వం భరిస్తుంది. ఎంత మందికివ్వాలో ఏటా పరిమితి ఉంది కాబట్టి వస్తుందని ముందే లెక్కలో కలుపుకోకు. నీకు సీటిచ్చిన కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో పోర్టల్‌లో చూడు. ఫోన్ చేసి "రెండు రోజుల్లో శాంక్షన్" అనే ఎన్‌బీఎఫ్‌సీల (బ్యాంకులు కాని అప్పుల కంపెనీల) వైపు మాత్రం బావని చూడనివ్వకు. ఎక్కువ వడ్డీ, చాలాచోట్ల చదువుతుండగానే కట్టడం మొదలు.

పొలం సంగతి బావతో నువ్వే నెమ్మదిగా చెప్పు. బ్యాంకుకి వ్యవసాయ భూమి తనఖాగా పెద్దగా పనికిరాదు. అప్పు మొండిబకాయి అయినప్పుడు బ్యాంకులు ఆస్తి స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకే మేనేజరు మొహం చిట్లిస్తాడు. పైగా భూమి ఆంధ్రాలో, బ్రాంచి ఒడిశాలో. అడంగల్, వన్‌బీ, ఈసీ లాంటి భూమి కాగితాలన్నీ అక్కణ్ణుంచి తెచ్చి, లాయరు లీగల్ ఒపీనియన్ రాసేసరికి నీ మొదటి సెమిస్టరు అయిపోతుంది.

కాగితాల్లో ఇంకో ముడి ఉంది, మనలాంటి వాళ్ళకే. మీ పాతపట్నం పిన్ని కూతురు బీసీ సర్టిఫికెట్ పెట్టి స్కాలర్‌షిప్ తెచ్చుకుందని నీకూ వస్తుందనుకోకు. కులాల జాబితా రాష్ట్రానికో రకం. అక్కడ జాబితాలో ఉన్న కులం ఇక్కడ ఉండకపోవచ్చు, ఉన్నా వేరే పేరుతో ఉండొచ్చు. నువ్వు ఒడిశా నివాసివి కాబట్టి తహసీల్దారు దగ్గర ఒడిశా జాబితా ప్రకారమే తీసుకోవాలి. ఇక్కడ రాష్ట్రం పనులకి వెనకబడిన వర్గాలవాళ్ళకి ఎస్ఈబీసీ అనే సర్టిఫికెట్ ఇస్తారు. టిస్, జేఎన్‌యూ లాంటి వాటికి అది చెల్లదు, కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, తేదీ కూడా తాజాగా ఉండాలి. ఆంధ్రా ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లు మనవి కావు. తెలుగు మాట్లాడినంత మాత్రాన ఇవ్వరు.

పేరు సంగతి మళ్ళీ చెప్తున్నాను. నీ టెన్త్ సర్టిఫికెట్, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్కు నాలుగూ టేబుల్ మీద పరిచి ఒక్కో అక్షరం సరిచూడు. మీ నాన్నగారివి కూడా. అప్పులో ఆయన సహరుణగ్రహీత, అంటే నీతోపాటు సంతకం పెట్టి బాధ్యత మోసే మనిషి. నా సర్వీసులో చదువు అప్పు ఫైళ్ళు ఆగింది ఎక్కువగా డబ్బు లేక కాదు, తండ్రి పేరులో ఒక అక్షరం తేడా వచ్చి. మీ నాయనమ్మకి జరిగింది నీకు ఫీజు గడువు రోజున జరగకూడదు.

ఈ ఏడాది సీటు వదిలేస్తే ఏడాది వృథా అని మీ అమ్మ ఏడుస్తుంది, నాకు తెలుసు. అక్కకి నేను చెప్తాను. 2018లో నీతి ఆయోగ్ వెనకబడిన జిల్లాల పథకం మొదలుపెట్టినప్పుడు గజపతి కూడా అందులో ఉంది. ఇక్కడ సవర ఊళ్ళల్లో పనిచేసే సంస్థలకి ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడూ వచ్చిన పిల్ల దొరకడం కష్టం. జీతం పన్నెండు వేలిచ్చినా చేరు. డిసెంబరుకల్లా సీయూఈటీ నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండు.

ఒకవేళ ఆ ప్రైవేటువాళ్ళు ఫీజు సగానికి తగ్గిస్తామని రాతలో ఇస్తే మాత్రం నాకు వెంటనే చెప్పు, లెక్క మళ్ళీ వేద్దాం. అడగడానికి సిగ్గుపడకు. సీట్లు మిగిలిపోతున్న కాలేజీలు తగ్గిస్తాయి.

ఆదివారం మధ్యాహ్నం బస్సుకి నువ్వూ బావా రండి. ఆ నాలుగు కాగితాలూ, సీటు వచ్చిన మెయిలు ప్రింటూ, బావ రెండేళ్ళ ఇన్‌కంటాక్స్ రిటర్నులూ తీసుకురండి. పొలం కాగితాలు బీరువాలోనే ఉండనివ్వమను. మీ అత్త పనసకాయ కూర చేస్తానంటోంది.

మీ మావయ్య