సమాధానం: ఎస్ఎస్ఎన్, లీజు లేకుండా టెక్సస్‌లో స్కూల్ అడ్మిషన్

టెక్సస్ వచ్చి నెల కాలేదు, ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) రాలేదు, ఫ్రెండ్ ఇంట్లో ఉంటున్నాం, బాబుని పబ్లిక్ (ప్రభుత్వ) స్కూల్లో చేర్చుకుంటారా అని అడిగారు. చేర్చుకుంటారండీ. ఎస్ఎస్ఎన్ గురించి టెన్షన్ వద్దు. ఇమిగ్రేషన్ స్టేటస్ చూసి పిల్లల్ని కాదనకూడదని 1982లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. నంబర్ లేకపోతే స్కూలే వేరే ఐడీ ఇస్తుంది.

అసలు చిక్కంతా అడ్రస్‌తోనే. ఇల్లు ఏ స్కూల్ హద్దులో ఉంటే మామూలుగా ఆ స్కూలే. రోడ్డుకి ఇటు ఒక స్కూలు, అటు ఇంకోటి ఉండొచ్చు. లీజు మీద సంతకం పెట్టేముందే స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతం పబ్లిక్ స్కూళ్లని నడిపే సంస్థ) వెబ్‌సైట్‌లో ఆ అడ్రస్ కొట్టి చూడండి. అపార్ట్‌మెంట్ ఆఫీసువాళ్ల నోటిమాట నమ్ముకోవద్దు. ఈలోపు మీరు వాళ్లింట్లో ఉంటున్నారని మీ ఫ్రెండ్‌తో నోటరీ చేయించిన అఫిడవిట్, వాళ్ల కరెంటు బిల్లు పెడితే చాలా డిస్ట్రిక్టులు ఒప్పుకుంటాయి. ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

చార్టర్ స్కూళ్లకీ (ప్రభుత్వ డబ్బుతో వేరే సంస్థలు నడిపేవి) ఫీజు ఉండదు. కానీ సీట్లకి మించి దరఖాస్తులొస్తే లాటరీయే. లాటరీ అయిపోయాక వచ్చినవాళ్లకి చాలావరకు వెయిటింగ్ లిస్టే గతి. మాగ్నెట్ స్కూళ్లు (సైన్స్, కళల్లాంటి ఒక అంశం మీద ప్రత్యేకంగా నడిచే పబ్లిక్ స్కూళ్లు) కూడా చాలావరకు అంతే. పేరు రాయించండి, దానికోసం ఆగకండి. బస్సు ఉందో లేదో మాత్రం తప్పక అడగండి.

బాబుకి సెప్టెంబర్ 1కి ఐదేళ్లు నిండితే కిండర్‌గార్టెన్. టీకాల కార్డులో తేదీలు స్పష్టంగా ఉండాలి. ఫారంలో ఇంటి భాష తెలుగు అని రాస్తే ఇంగ్లిష్ పరీక్ష పెడతారు. కంగారు పడకండి, అది సాయం కావాలో లేదో చూడటానికే.