నీ లిస్టులో గడువు కాలమ్ లేదురా అబ్బాయ్

ఒరేయ్ అబ్బాయ్,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఎక్సెల్ షీటు చూశాను. ఫోన్లో సగం సగం కనిపిస్తుంటే విసుగొచ్చి, జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకొచ్చి అరుగు మీద కూర్చుని ఎర్ర పెన్నుతో చదివాను. నలభై నిండేలోపు యాభై కోరికలు. బాగానే ఉంది, ఏ కోరికా లేకుండా ఫోన్ గోక్కుంటూ కూర్చునేవాడికంటే నువ్వే నయం. ఒక్కోదానికీ ఖర్చెంతో రాశావు, ఎన్ని రోజుల లీవు కావాలో రాశావు, ఎంత ముఖ్యమో పదికి మార్కులు కూడా వేసుకున్నావు. ఒక్కటి మాత్రం ఎక్కడా రాయలేదు. అది నీకోసం ఎప్పటిదాకా ఆగుతుంది?

నువ్వు డబ్బు వరసలో పేర్చావు, చవకవి పైన, ఖరీదైనవి కింద. హైదరాబాద్‌లో కూర్చుంటే అలాగే తోస్తుందిలే, అక్కడ ఏ నెలలోనైనా ఏదైనా దొరుకుతుంది. కానీ నువ్వు కోనసీమలో పుట్టినవాడివి, ఇక్కడ ప్రతిదీ దాని టైముకే వస్తుందని నీకు నేను చెప్పాలా?

17వ నంబరు చూడు. "పులస తినాలి, ఏప్రిల్ లాంగ్ వీకెండ్" అని రాశావు. మీ అత్తకి చదివి వినిపిస్తే పడి పడి నవ్వింది. ఏప్రిల్లో పులస ఎక్కడిదిరా? జులైలో ఎర్రనీళ్ళు వచ్చాక సముద్రంలోంచి ఏటికి ఎదురీదుకుంటూ వస్తుంది, సెప్టెంబరు దాటిందంటే ఇక ఏడాది దాకా ఆ మాటే లేదు. ఏప్రిల్లో ఎవడైనా పులస అని చూపించాడంటే అది ఒడిశా నుంచో బెంగాల్ నుంచో ఐసులో వచ్చిన చేప, పేరు మాత్రం మనది. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు గానీ ఆ పుస్తెలు ఆగస్టులోనే అమ్మాలి. వచ్చేటప్పుడు రెండు రోజులు చేతిలో ఉంచుకుని రా, ఎందుకంటే మీ అత్త మట్టి దాకలో పులుసు పెట్టి, బెండకాయలు వేసి, సన్నటి సెగ మీద గంటలకొద్దీ ఉంచి, ఆ పూట ఎవర్నీ గరిటె ముట్టనివ్వదు, మర్నాడు పొద్దున్నే వడ్డిస్తుంది. రాత్రి బస్సుకి వెళ్ళిపోతానంటే వాసన చూసి వెళ్ళాల్సిందే.

జగ్గన్నతోట ప్రభల తీర్థం సంగతీ అంతే. "సంక్రాంతికి" అని రాశావు, అది జరిగేది కనుమనాడు. నువ్వేమో ఏటా కనుమ మధ్యాహ్నానికే సంచి సర్దేస్తావు, మర్నాడు విజయవాడ దగ్గర ట్రాఫిక్ ఉంటుందని టెన్షన్. ఏకాదశ రుద్రులు ఒక్కచోట చేరేది, గంగలకుర్రు వాళ్ళు అంతెత్తు ప్రభని భుజాల మీదకెత్తి కౌశిక ఏరు దాటించేది సరిగ్గా ఆ పూటే. నడుం లోతు నీళ్ళలో అందరూ ఒక్క ఊపున అరుస్తూ వస్తుంటే, అటు చేలో వరి తొక్కుడు పడుతున్నా రైతు కిక్కురుమనడు, దేవుడు తన చేలోంచి నడిచాడనుకుంటాడు. లీవు ఒక్క రోజు పొడిగిస్తే తీరిపోయే కోరిక ఇది. దీన్ని ఏళ్ళ తరబడి లిస్టులో ఎందుకు మోస్తున్నావో నాకు అర్థం కాలేదు.

పాపికొండలకి ఇంకో రకం గడువుంది. వరద రోజుల్లో బోట్లు ఎలాగూ ఆపేస్తారు, 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన తర్వాత మరీ గట్టిగా చూస్తున్నారు, చూడాలి కూడా. కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకో, లైఫ్ జాకెట్ ఫొటో కోసం కాకుండా చివరిదాకా ఒంటి మీద ఉంచుకో. అసలు విషయం వేరే ఉంది. పోలవరంలో పూర్తి మట్టం 45.72 మీటర్ల దాకా నీళ్ళు నిలిపారంటే నువ్వు చిన్నప్పుడు చూసిన ఆ ఒడ్లు, ఆ ఇసుక తిన్నెలు అలా ఉండవు. కొండలు ఉంటాయి, వాటి కాళ్ళ దగ్గరి ఊళ్ళు ఉండవు, ఇప్పటికే చాలామంది ఖాళీ చేసి వెళ్ళిపోయారు. నువ్వు దీన్ని 38లో పెట్టావు. పైకి తీసుకురా.

ఇప్పుడు పెద్దది, 50వ నంబరు. "అమ్మని మానససరోవరం తీసుకెళ్ళాలి." ఖర్చు ఎక్కువని అడుగున పెట్టావు. మా అక్కకి ఇప్పుడు 67. ప్రభుత్వం నడిపే కైలాస యాత్రకి 70 ఏళ్ళు దాటితే దరఖాస్తే తీసుకోరు, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 25 మించకూడదు, లాటరీలో పేరు రావాలి, వచ్చాక ఢిల్లీలో వైద్య పరీక్ష పాసవ్వాలి, ఇవన్నీ అయ్యాక కైలాసం చుట్టూ తిరిగే పరిక్రమలో డోల్మా లా అనే కొండదారి ఒకటుంది, సుమారు 5,600 మీటర్ల ఎత్తు. 2020 నుంచి ఐదేళ్ళు యాత్రే ఆగిపోయింది, 2025లో మళ్ళీ మొదలుపెట్టారు, ఆగిన ఏళ్ళకి వయసులో ఎవరికీ మినహాయింపు ఇవ్వలేదు. నీ షీటు ప్రకారం దీని వంతు వచ్చేసరికి అక్క 71లో ఉంటుంది. లెక్కలవాడివి, ఇది ఎలా కనపడలేదురా?

ఇంతకీ మీ అమ్మని అడిగావా? నేను అడిగాను. మోకాళ్ళకి తైలం రాసుకుంటూ, "ఆ చలిలో నాకేం పనిరా తమ్ముడూ, పుట్టిన దగ్గర్నుంచి ఈ గోదారి నీళ్ళే తాగాం, ఇది ఎక్కడ పుడుతుందో ఒక్కసారి చూపిస్తే చాలు" అంది. అది నాసిక్ దగ్గర త్రయంబకం. 1,465 కిలోమీటర్లు పారి మన దగ్గరికొచ్చే ఏరు అక్కడ బ్రహ్మగిరి మీద సన్నటి ధార. కొండకి మెట్లున్నాయి, మీ అమ్మ ఎక్కక్కర్లేదు, కింద కుశావర్తం కోనేటి మెట్ల మీద కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంటుంది, నువ్వెక్కి గంగాద్వారం చూసి రా. నీ దగ్గర్నుంచే దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఉంది, బాసర, నాందేడ్, ఔరంగాబాద్ (ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్) మీదుగా నాసిక్‌రోడ్ వెళ్తుంది, దారిలో బాసర దగ్గర గోదావరి దాటేటప్పుడు అక్కకి చూపించాలి, మర్చిపోకు. 2027లో మాత్రం వద్దు. బృహస్పతి సింహరాశిలోకి రాగానే ఇక్కడ మనకి పుష్కరాలు, అక్కడ వాళ్ళకి సింహస్థ కుంభమేళా, రెండు చోట్లా కాలు పెట్టే సందుండదు. పుష్కర స్నానం కూడా నీ లిస్టులో ఉంది కాబట్టి చెప్తున్నాను, 2015లో రాజమండ్రిలో తొలిరోజు తొక్కిసలాటలో ఎంతమంది పోయారో తెలుసుగా, మొదటి రోజు పెద్ద ఘాట్‌కి పరుగెత్తొద్దు, పన్నెండు రోజులుంటాయి, మధ్యలో ఏదో రోజు పల్లెటూరి రేవులో మునుగు.

ఇప్పుడు అర్థమైందా నేనెక్కడ గీత గీస్తున్నానో. కొన్ని కోరికలకి నెల గడువు, కొన్నింటికి వయసు గడువు, కొన్నింటికి పక్కమనిషి ఆరోగ్యం గడువు. షీటులో ఒక కాలమ్ కొత్తగా పెట్టి అది రాసుకో. రాశాక వరస దానంతట అదే మారుతుంది, నీ పదికి మార్కులు అక్కర్లేదు.

ఏ గడువూ లేనివి చాలానే ఉన్నాయి నీ దగ్గర. గిటార్ ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. నార్వేలో ఆకాశంలో రంగులు చూడటం కూడా ఆగుతుంది, అయితే అందులో ఓ చిన్న కిటుకు ఉందని మన కాలేజీ ఫిజిక్స్ మాస్టారు చెప్పారు: సూర్యుడికీ పుష్కరాల్లాంటివి ఉన్నాయట, పదకొండేళ్ళకోసారి. మొన్న 2024లో గరిష్ఠ దశకి వచ్చాడని నాసా చెప్పింది, మళ్ళీ అంత జోరు 2035 చుట్టుపక్కల. మధ్య ఏళ్ళలోనూ ఆ ఉత్తరపు ఊళ్ళలో చలికాలం రాత్రుళ్ళు కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి అప్పు చేసి పరుగెత్తాల్సిన పనిలేదు. పాస్‌పోర్ట్ మాత్రం ముందు చేయించి పెట్టుకో, ఫీజు 1,500, పదేళ్ళు చెల్లుతుంది. రక్తదానానికి లీవు కూడా అక్కర్లేదు, ఈ శనివారం వెళ్ళు. బంజీ జంప్ నీది కాదు, ఎవరి రీల్ చూసి రాశావో గానీ జెయింట్ వీల్ ఎక్కితేనే కళ్ళు మూసుకునేవాడివి. కొట్టేశాను.

"గోదావరి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఈదాలి" కూడా కొట్టేశాను, కోప్పడకు. రాజమండ్రి దగ్గర రైలు వంతెన పొడవే రెండున్నర కిలోమీటర్ల పైన. పైకి నిలకడగా కనిపిస్తుంది, అడుగున ఇసుక తీసిన గోతులు, సుడులు, ఏటి మీదే బతికే పడవవాళ్ళే జంకుతారు. దాని బదులు "ఈత నేర్చుకోవాలి" అని రాశాను. మీ అపార్ట్‌మెంట్‌లో స్విమ్మింగ్ పూల్ ఉంది, అందులో దిగు.

నాకు అన్నింటికంటే నచ్చింది 31, ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా సైకిల్. రిటైరయ్యాక నేనూ తొక్కాను కాబట్టి నా మాట విను. డిసెంబరు, జనవరి అయితే బాగుంటుంది, వేసవిలో కాలవలు కట్టేస్తారు, గట్టు పక్కన బురద తప్ప ఏమీ ఉండదు. ముందు రోజు సాయంత్రం ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూడు, 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట లేపారు, అప్పటి పనిముట్లూ నమూనాలూ ఉన్నాయి. పొద్దున్నే బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక దిగి కాలవ గట్టు పట్టుకుంటే ఆత్రేయపురం వస్తుంది. అక్కడ పూతరేకుల పెట్టె కొనుక్కుని వెళ్ళిపోకు, ఎవరింటి ముందైనా అడిగి చేసేది చూడు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని ఆవిడ కుండ మీద ఒక్క విసురున లాగుతుంది, గుడ్డ అటు దాటేలోపే ఇటు రేకు లేచిపోతుంది, నువ్వు ఫోన్ తీసేసరికి పది అయిపోతాయి. తర్వాత లొల్ల లాకులు, రావులపాలెం, కొత్తపేట, పి.గన్నవరం. అక్కడ కాలవే వంతెనెక్కి వైనతేయని దాటుతుంది, కింద ఏరు, పైన కాలవ, కాసేపు సైకిల్ దిగి నిలబడు. రాజోలులో రాత్రి పడుకో, మర్నాడు సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది, అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా. వెనక్కి తొక్కక్కర్లేదు, సఖినేటిపల్లి రేవులో సైకిల్‌తో సహా పంటు (బళ్ళనీ మనుషుల్నీ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కితే నరసాపురం, అక్కణ్ణుంచి రైలు. భీష్మ ఏకాదశి కల్యాణం రోజులు తప్పించి పెట్టుకో, ఆ జనంలో సైకిల్ నడవదు.

ఇంకొకటి, నా ఉద్యోగంలో చూసింది. కార్తీకమాసంలో పంచారామాల స్పెషల్ బస్సుకి డ్యూటీ పడేది. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట, ఐదూ ఒక్క రోజులో. ఒకసారి పాలకొల్లు గోపురం కింద చెప్పులు వేసుకుంటూ ఒకావిడ, "ఇది ఎన్నోది బాబూ?" అని అడిగింది. ఏ గుడి అని కాదు, ఎన్నోది అని. అదే ట్రిప్పులో ఇంకో పెద్దాయన ద్రాక్షారామంలో బస్సెక్కనన్నాడు, "మిగతాది మీరు చూసుకోండి, నేను రేపు సొంతంగా వస్తా" అని మండపంలో తుండు పరుచుకున్నాడు. సీట్లో ఆయన టిఫిన్ క్యారేజీ మర్చిపోతే పరుగెత్తి ఇచ్చొచ్చాను. యాభైకి యాభై టిక్కు పెట్టాలని కూర్చుంటే నువ్వు ఆవిడ బాపతు అవుతావని నా భయం. పన్నెండు చాలు. ఎక్కడైనా బాగుంటే దిగిపో, మిగతా వరస చెడితే చెడనీ.

డబ్బు గురించి నువ్వే నాకు చెప్పగలవు, కాబట్టి ఒక్క మాటే. చీటీ పాడి యాత్రలకి వెళ్ళకు.

రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు. ఈ రాత్రి మీ అమ్మకి ఫోన్ చేసి త్రయంబకం సంగతి నువ్వే మొదటిసారి అడుగుతున్నట్టు అడుగు, నేను చెప్పానని చెప్పకు. తేదీ కుదిరాక అక్కకి లోయర్ బెర్త్ తియ్యి, నాకూ మీ అత్తకీ కూడా తియ్యి, డబ్బులు మేమే ఇస్తాం, ఆ విషయంలో నాతో వాదించకు.

మీ మావయ్య
రావులపాలెం