పాత ట్రైనర్ విమానానికి బ్రష్‌లెస్ మోటారు

ప్రశ్న: నా దగ్గర రేడియో కంట్రోల్‌తో ఎగిరే ఫోమ్ ట్రైనర్ విమానం ఉంది. బ్యాటరీతో కలిపి 900 గ్రాముల బరువు. గేర్‌బాక్సుతో ఉన్న 480 సైజు బ్రష్ మోటారు, 8 సెల్లుల 9.6 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ దానితో పాటే వచ్చాయి. ఇప్పుడు మోటారులో నిప్పురవ్వలు కనిపిస్తున్నాయి, విమానం పైకి లేవడానికే ఆయాసపడుతోంది. మిత్రుడొకరు 55 గ్రాముల బరువున్న 1000 కేవీ బ్రష్‌లెస్ మోటారు ఇచ్చారు. దానికి మూడు తీగలున్నాయి, నా స్పీడ్ కంట్రోలర్‌కు రెండే ఉన్నాయి. పాత కంట్రోలర్, పాత బ్యాటరీ వాడుకోవచ్చా?

జవాబు: బ్యాటరీతో ఎలాగో సరిపెట్టుకోవచ్చు గాని, పాత కంట్రోలర్ ఈ మోటారును ఒక్క చుట్టు కూడా తిప్పలేదు. బ్రష్ మోటారులో ఏ చుట్టకు ఎప్పుడు కరెంటు అందాలో లోపలి కమ్యుటేటరూ, దాన్ని రాసుకునే కార్బన్ బ్రష్‌లూ చూసుకుంటాయి కాబట్టి, కంట్రోలర్ చేయవలసిందల్లా రెండు తీగల్లోకి కరెంటును వేగంగా వదులుతూ, ఆపుతూ ఉండడమే. బ్రష్‌లెస్ మోటారులో ఆ రెండూ లేవు. వాటి పని కూడా కంట్రోలర్ మీదే పడింది. అది ఒక్కో క్షణంలో మూడు తీగల్లో రెండింటికే కరెంటు పంపి, ఖాళీగా ఉన్న మూడో తీగలో పుట్టే వోల్టేజీని బట్టి అయస్కాంతాలు ఎక్కడున్నాయో గ్రహించి, తర్వాతి వంతు ఏ జతదో తేల్చుకుంటుంది. ఇలాంటి మోటారులో అరిగేవి బేరింగులు మాత్రమే. తీగల క్రమం గురించి బెంగ వద్దు: ప్రొపెల్లర్ వెనక్కి తిరిగితే మోటారు వైపున్న మూడింటిలో ఏ రెండింటినైనా అటూ ఇటూ మార్చితే చాలు. బ్యాటరీ వైపు ఎరుపు, నలుపు తీగలను మాత్రం పొరపాటున కూడా తారుమారు చేయకండి. కంట్రోలర్ అక్కడికక్కడే కాలిపోతుంది.

పాత బ్యాటరీతో మోటారు తిరుగుతుంది, అయితే మీరు ఆశించిన బలం రాదు. కేవీ అంటే ప్రొపెల్లర్ లేనప్పుడు ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకె. ఒకే ప్రొపెల్లర్‌ను తిప్పడానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది కాబట్టి, 9.6 వోల్టుల నుంచి మూడు సెల్లుల లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) ఇచ్చే 11.1 వోల్టులకు మారినప్పుడు వోల్టేజీ 16 శాతమే పెరిగినా, మోటారు లాక్కునే శక్తి లెక్కప్రకారం ఒకటిన్నర రెట్లవుతుంది. ఆచరణలో తీగల్లో, చుట్టల్లో నష్టాల వల్ల అంత పెరగకపోయినా, తేడా చేతికే తెలుస్తుంది. పైగా ఆ పాత సెల్లులను మోటారు 13, 14 ఆంపియర్లు అడిగేసరికి అవి వోల్టేజీని జార్చేస్తాయి. కనుక 2200 మిల్లీఆంపియర్ అవర్ల మూడు సెల్లుల లైపో, 30 ఆంపియర్ల బ్రష్‌లెస్ కంట్రోలర్ తీసుకోండి. ఆ కంట్రోలర్‌కు లైపో కటాఫ్, అంటే వోల్టేజీ మరీ పడిపోకముందే మోటారును ఆపే ఏర్పాటు, తప్పనిసరిగా ఉండాలి. పాత బ్యాటరీల కోసం చేసిన కంట్రోలర్లు 5, 6 వోల్టుల దాకా మోటారును ఆపవు. మూడు సెల్లుల లైపో 9 వోల్టుల కిందికి దిగితే పాడవుతుంది.

ఇక ఎంత బలం కావాలి? ట్రైనర్‌కు కిలో బరువుకు 110 వాట్లుంటే నేల విడుస్తుంది. 150 నుంచి 180 దాకా ఉంటే గాలి కాస్త జోరుగా వీచే రోజున కూడా నిబ్బరంగా ఎగురుతుంది. కొత్త సరంజామాతో మీ విమానం 800 గ్రాములకు దగ్గరగా వస్తుంది కాబట్టి 145 వాట్లు చాలు. నిండు లోడులో లైపో 10.8 వోల్టులిస్తుందనుకుంటే అది 13.5 ఆంపియర్లు. 1000 కేవీ మోటారుకు 9 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల పిచ్ (లెక్కప్రకారం ఒక్క చుట్టుకు ముందుకు సాగే దూరం) ఉన్న ప్రొపెల్లర్‌తో మొదలుపెట్టండి. గేర్‌బాక్సు మీద తిరిగిన పాత ప్రొపెల్లర్ ఇంకా పెద్దదై ఉంటుంది. దాన్నే కొత్త మోటారుకు తగిలించాలన్న మోజు చాలామందికి కలుగుతుంది, మోటార్లు కాలేది ఎక్కువగా అక్కడే. పిచ్, వేగం మారకుండా వ్యాసాన్ని 9 నుంచి 10 అంగుళాలు చేస్తే కావలసిన శక్తి వ్యాసపు నాలుగో ఘాతంతో పెరిగి 52 శాతం ఎక్కువవుతుంది.

ఈ లెక్కలన్నీ అంచనాలే. బ్యాటరీకీ కంట్రోలర్‌కూ మధ్య వాట్‌మీటరు పెట్టి, విమానాన్ని గట్టిగా కట్టి, ప్రొపెల్లర్‌కు ఎదురుగా గాని పక్కన గాని కాకుండా వెనక నిలబడి, నిండుగా ఛార్జి చేసిన బ్యాటరీతో అయిదారు సెకన్లు పూర్తి థ్రాటిల్ ఇచ్చి అంకె చూడండి. ఆంపియర్లు మోటారు మీద రాసిన హద్దు దాటితే ప్రొపెల్లర్ తగ్గించండి. ఎగిరేటప్పుడు ఎదురుగాలి వల్ల ప్రొపెల్లర్ మీద బరువు కొంత తగ్గుతుంది కాబట్టి, నేల మీద కనిపించినదే గరిష్ఠమనుకోవచ్చు. థ్రాటిల్‌ను రేడియోకు కాలిబ్రేట్ చేయడం, అంటే థ్రాటిల్ కనిష్ఠ, గరిష్ఠ స్థానాలను కంట్రోలర్‌కు నేర్పడం మాత్రం ప్రొపెల్లర్ బిగించక ముందే పూర్తి కావాలి.

నా దృష్టిలో ఈ మార్పులో అసలు చిక్కు విద్యుత్తుది కాదు, బరువుది. మీ పాత మోటారూ గేర్‌బాక్సూ కలిసి 115 గ్రాములనీ, గురుత్వ కేంద్రానికి 20 సెంటీమీటర్లు ముందు ఉన్నాయనీ, 240 గ్రాముల పాత బ్యాటరీ 8 సెంటీమీటర్లు ముందు ఉందనీ అనుకుందాం. కొత్త మోటారు 55 గ్రాములే, లైపో 180 గ్రాములే. ముక్కు తేలికైపోతుంది. గ్రాములను సెంటీమీటర్లతో గుణించి చూస్తే పాత అమరిక మొత్తం 4220, అందులో కొత్త మోటారు మోసేది 1100. మిగిలిన 3120ని 180 గ్రాముల లైపో ఒక్కటే మోయాలంటే అది 17 సెంటీమీటర్లు ముందుకు, అంటే ఇప్పుడున్న చోటికన్నా 9 సెంటీమీటర్లకు పైగా జరగాలి. అక్కడ చోటు లేకపోతే ముక్కులో సీసం వేస్తారు. నాకది నచ్చదు, మోసే బరువు పని కూడా చేయాలి. 75 గ్రాముల మోటారు తీసుకుంటే బ్యాటరీ 7 సెంటీమీటర్లు జరిగితే సరిపోతుంది, మోటారు కూడా చల్లగా నడుస్తుంది. మీ విమానంలో కొలతలు వేరుగా ఉంటాయి. కంట్రోలర్ బరువునూ కలిపి ఇదే పద్ధతిలో లెక్క వేసుకోండి. కొత్త తీగలు చాలకపోతే మోటారు వైపు పొడిగించాలి తప్ప బ్యాటరీ వైపు కాదు. అటు పొడవైతే కంట్రోలర్‌లోని కెపాసిటర్లు త్వరగా దెబ్బతింటాయి.

మోటారు బిగించేటప్పుడు ఇంకో సంగతి. గేర్‌బాక్సు ఇరుసు మోటారు మధ్యలో కాక పైకో కిందికో ఉంటుంది. దాన్ని తీసేసి కొత్త మోటారును పాత మోటారు ఉన్న గూట్లోనే పెడితే తోపు వచ్చే గీత మారిపోయి, థ్రాటిల్ పెంచినప్పుడల్లా ముక్కు లేవడమో వాలడమో జరుగుతుంది. పాత ప్రొపెల్లర్ మధ్యభాగం ఏ ఎత్తులో ఉందో, కుడికీ కిందికీ ఎంత వంపు ఉందో ముందే గీసి పెట్టుకుని, కొత్త ప్లైవుడ్ పలకను దానికి సరిగ్గా అమర్చండి. ఈ రకం మోటారులో బయటి డబ్బా అంతా తిరుగుతుంది కనుక చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. నేను మొదటిసారి అమర్చినప్పుడు ఒక తీగను కట్టకుండా వదిలేశాను. అది తిరిగే డబ్బాకు ఆనుకుని, రెండో ఎగురుడులోనే పై తొడుగు అరిగి రాగి బయటపడింది. దింపాక చూస్తే డబ్బా అంచు మీద ఎర్రటి ప్లాస్టిక్ పొడి. అప్పటి నుంచి ప్రతి తీగనూ కట్టిన తర్వాతే ప్రొపెల్లర్ పెడతాను.

పాత ఛార్జరుతో లైపోను ఎట్టి పరిస్థితుల్లోనూ ఛార్జి చేయకండి. ప్రతి సెల్లునూ సమానంగా నింపే లైపో ఛార్జరు కావాలి, 2200 బ్యాటరీకి 2.2 ఆంపియర్లు పెట్టాలి, ఛార్జి అవుతున్నంతసేపూ దగ్గరే ఉండాలి. ఎగరేసేటప్పుడు ఎనిమిది నిమిషాలకు టైమరు పెట్టుకుని విమానాన్ని దింపండి. వాడని రోజుల్లో సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి.

ప్రశ్న: నేను ఇలాంటి మార్పే చేశాను. నేల మీద అన్నీ బాగానే పనిచేస్తాయి. నాలుగైదు నిమిషాలు ఎగిరాక రెండు మూడు సెకన్ల పాటు సర్వోలు (రెక్కల, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు) బిగుసుకుపోయి, మోటారు కూడా ఆగి, మళ్లీ మామూలవుతాయి. రిసీవర్ మార్చినా అంతే. మొత్తం నాలుగు సర్వోలు.

జవాబు: మోటారు బ్యాటరీ నుంచే రిసీవర్‌కూ సర్వోలకూ 5 వోల్టులు అందించే బీఈసీ, మీ కంట్రోలర్‌లో లీనియర్ రకందై ఉండాలి. అది మిగులు వోల్టేజీని వేడిగా మార్చి పారేస్తుంది. సర్వోలు 1 ఆంపియర్ తీసుకుంటే, 9.6 వోల్టుల బ్యాటరీతో అది పారేసే వేడి 4.6 వాట్లు, నిండుగా ఛార్జి అయిన లైపో 12.6 వోల్టులతో 7.6 వాట్లు. ఆ వేడికి తనను తాను కాపాడుకోవడానికి బీఈసీ ఆగిపోతుంది, చల్లారాక తిరిగి పనిచేస్తుంది. నేల మీద సర్వోల మీద గాలి ఒత్తిడి ఉండదు గనుక లోపం బయటపడదు. మిగులు వోల్టేజీని అలా వేడిగా పారేయని, విడిగా దొరికే స్విచింగ్ బీఈసీని నేరుగా బ్యాటరీకి కలిపి రిసీవర్‌కు ఇవ్వండి. కంట్రోలర్ నుంచి రిసీవర్‌కు వచ్చే ప్లగ్గులో మధ్యనున్న ఎర్ర తీగ పిన్నును బయటికి లాగి, టేపు చుట్టి పక్కకు పెట్టండి. కంట్రోలర్‌ను ఫోమ్‌లో పొదిగి ఉంటే బయటికి తీసి గాలి తగిలే చోట పెట్టండి; గాలి లోపలికి వచ్చే రంధ్రం కన్నా వెళ్లేది పెద్దదిగా ఉండాలి. తర్వాత విమానాన్ని నేల మీదే ఉంచి, ప్రొపెల్లర్ తీసేసి, నాలుగు సర్వోలనూ అయిదు నిమిషాల పాటు ఆపకుండా కదిలించి చూశాకే ఎగరేయండి.