పాత్రను చంపే ముందు

అమ్మడూ,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన జాంబీ సిరీస్ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. మొదటి ఎపిసోడ్‌లో అన్నాచెల్లెళ్లిద్దరూ చీకట్లో టార్చి బ్యాటరీల కోసం తడుముకునే సీను చాలా బాగుంది. కానీ నాలుగు ఎపిసోడ్లలో ఏడుగురిని చంపేశావు. మూడో చావుకి ఉలిక్కిపడ్డాను. ఏడో చావు దగ్గర పేజీ తిప్పేశాను. ఆ మాట నీకు నేరుగా చెప్పాలనే ఈ ఉత్తరం.

"జాంబీ కథలో ఎవరైనా ఎప్పుడైనా చావొచ్చు, థ్రిల్లంతా అదే కదా మామయ్యా" అన్నావు ఫోన్‌లో. జనానికి ఆ నమ్మకం కలిగించింది ముఖ్యంగా అమెరికన్ టీవీ సిరీస్ 'ద వాకింగ్ డెడ్'. 2010 అక్టోబరు 31న మొదలై 2022 నవంబరు దాకా 11 సీజన్లు, 177 ఎపిసోడ్లు నడిచింది. అంతా చూశాను. కొన్ని ఎపిసోడ్లు పక్కన నోట్‌బుక్ పెట్టుకుని మళ్లీ చూశాను. అందులో కొన్ని చావులు ఇప్పటికీ గుండెను పిండేస్తాయి. కొన్నిటికి ప్రేక్షకులకు ఒళ్లు మండింది. రెండూ ఒకే సిరీస్‌లో ఉన్నాయి కాబట్టి తేడా ఎక్కడుందో పట్టుకోవడం తేలిక.

రెండో సీజన్‌లో సోఫియా సంగతి గుర్తు తెచ్చుకో. హైవే మీద నుంచి భయపడి అడవిలోకి పరిగెత్తిన పిల్లను బృంద నాయకుడు రిక్ వాగు ఒడ్డున దాచి, వాకర్లను (అందులో జాంబీలను అలాగే పిలుస్తారు) తన వైపు తిప్పుకుని దూరంగా తీసుకెళ్తాడు. తిరిగొచ్చేసరికి పిల్ల లేదు. ఆ తర్వాత ఎపిసోడ్ల తరబడి వెతుకులాటే. బృందంలోని డారిల్ ఆమె బొమ్మను వెతికి తెస్తాడు. తల్లి క్యారల్‌కు ధైర్యం చెప్పడానికి ఒక తెల్ల పువ్వు తెచ్చిస్తాడు. 2011 నవంబరు 27న వచ్చిన ఏడో ఎపిసోడ్‌లో రిక్ స్నేహితుడు షేన్, వాళ్లు తలదాచుకున్న పొలంలోని కొట్టం తాళం బద్దలు కొడతాడు. లోపలి వాకర్లు ఒక్కొక్కటే బయటికి వస్తుంటే వరుసగా నిలబడి కాల్చేస్తారు. తుపాకులు ఆగిపోతాయి. అంతా అయిపోయిందనుకున్నాక, ఆ నిశ్శబ్దంలో కొట్టంలోంచి చిన్న గురగుర వినిపిస్తుంది. కాటు పడ్డ సోఫియా తూలుతూ వెలుతురులోకి వస్తుంది. క్యారల్ పిల్ల వైపు పరిగెడుతుంటే డారిల్ పట్టుకుని ఆపుతాడు. అప్పటిదాకా కాల్చినవాళ్లలో ఒక్కరి చేయీ లేవదు. రిక్ వాళ్లను దాటుకుని ముందుకెళ్లి తనే కాలుస్తాడు. పిల్లను వాగు దగ్గర వదిలింది అతనే మరి.

ఇక్కడ చావు కన్నా దాని వెనకున్న అల్లిక చూడు. పిల్ల ఎక్కడుందన్న ప్రశ్నకు జవాబు వాళ్లు తలదాచుకున్న పొలంలోనే, రోజూ కళ్లెదుట ఉన్న కొట్టంలోనే ఉంది. వాకర్లను పట్టి ఆ కొట్టంలో వేసే పని ఆ పొలంలోనే ఉండే ఓటిస్‌ది. ఆ ఓటిస్‌ను షేన్ తను తప్పించుకోవడానికి మూడో ఎపిసోడ్‌లోనే వాకర్లకు బలి ఇచ్చేశాడు. అంటే నిజం చెప్పగలిగినవాడు మొదట్లోనే పోయాడు, అదీ మనం ఆ కోణంలో ఆలోచించనే లేని ఒక చావులో. ఎక్కడా అబద్ధం చెప్పకుండానే మనల్ని ఏమార్చారు. వెనక్కి వెళ్లి మళ్లీ చూస్తే ప్రతి ముడీ అతికినట్టు ఉంటుంది. ఇంకో విషయం. ఈ సిరీస్‌కు మూలమైన రాబర్ట్ కిర్క్‌మన్ కామిక్‌లో సోఫియా చివరిదాకా బతికే ఉంటుంది. కాబట్టి కథ ముందే తెలుసనుకున్నవాళ్లకూ అది దెబ్బే.

నాలుగో సీజన్‌లో లిజీ తన చెల్లెలిని పొడిచి చంపిన ఎపిసోడ్ కూడా అంతే. చచ్చినవాళ్లు వాకర్లయి లేస్తే మంచిదేననుకునే పిల్ల అది. బృందం తలదాచుకున్న జైలు కంచె దగ్గర వాకర్లకు పేర్లు పెట్టిన రోజే మనకు ఆ సంగతి చూపించారు. మనమే పసితనం అని సరిపెట్టుకున్నాం.

ఇప్పుడు మొదటి సీజన్ నుంచీ బృందంలో ఉన్న గ్లెన్ దగ్గరికి వద్దాం. 2015 అక్టోబరు 25న వచ్చిన ఎపిసోడ్‌లో అతని వెంట ఉన్న నికొలస్ తనను తాను కాల్చుకుంటాడు. గ్లెన్, అతనూ కలిసి చెత్త డబ్బా మీద నుంచి వాకర్ల గుంపులో పడతారు. కెమెరా గ్లెన్ ముఖం మీదే ఉంటుంది, పక్కనే పేగులు లాగుతుంటారు. ఆ పేగులు తన మీద పడ్డ నికొలస్‌వి. కానీ మనకు గ్లెన్‌వే అనిపించేలా ఫ్రేము పెట్టారు. తర్వాతి వారాల్లో టైటిల్స్‌లోంచి నటుడి పేరు కూడా తీసేశారు. నాలుగు వారాలయ్యాక అతను ఆ డబ్బా కిందికి పాకి బతికాడని తేల్చారు. ఇది జనం చెవిలో పువ్వు పెట్టడం. సోఫియా విషయంలో కథ మనకన్నా ఒక అడుగు ముందు నడిచింది. ఇక్కడ కథను పక్కన పెట్టి ఫ్రేముతో, టైటిల్స్‌తో ఆడారు. ఏడ్చినవాడు తన కన్నీళ్లు వృథా అయ్యాయని తెలిశాక తర్వాతి చావుకి ఏడవడానికి వెనకాడతాడు.

ఆ తర్వాత గ్లెన్ నిజంగానే చావడం నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. 2016 ఏప్రిల్ 3న శత్రు ముఠా నాయకుడు నీగన్ బ్యాటు ఎత్తి కొట్టాడు, ఎవరిని కొట్టాడో చెప్పకుండా సీజన్ ముగించారు. జవాబు కోసం అక్టోబరు 23 దాకా ఆగాలి. ఆ ఆరు నెలలూ జనం పాత్రల గురించి బెంగపడడం మానేసి, పేర్ల మీద పందేలు కట్టుకునే స్థితికి వచ్చారు. ఆ రాత్రి అమెరికాలో దాదాపు 1.7 కోట్ల మంది చూశారు. మరుసటి వారానికి అది సుమారు 1.25 కోట్లకు పడిపోయింది. ఆ పతనానికి ఇదొక్కటే కారణమని నేననను, కానీ ఇది ముఖ్యమైన కారణమని నా నమ్మకం.

అయితే అదే ఎపిసోడ్‌లో నేర్చుకోవాల్సిన పని ఒకటి ఉంది. 2012లో వచ్చిన నూరో సంచికలో గ్లెన్ చస్తాడని కామిక్ చదివినవాళ్లకు తెలుసు. సిరీస్‌లో ముందు అదే బృందంలోని ఏబ్రహాంను చంపారు. హమ్మయ్య, గ్లెన్ బతికాడు అనుకునేలోపు డారిల్ కోపం ఆపుకోలేక నీగన్‌ను గుద్దాడు. దానికి శిక్షగా గ్లెన్ పోయాడు. ఆ దెబ్బ పైనుంచి ఊడిపడలేదు. మనం ప్రేమించే మనిషే చేసిన తప్పులోంచి వచ్చింది. డారిల్ ఆ బరువును చాలాకాలం మోశాడు. గ్లెన్ భార్య మ్యాగీ అయితే సిరీస్ చివరిదాకా మోసింది.

బరువు మోసేవాళ్లు ఉండాలి, అమ్మడూ. దీన్ని నేను నా తప్పులోంచి నేర్చుకున్నాను. ఒక డైలీ సీరియల్ రాస్తున్న రోజుల్లో రేటింగ్ పడిందని పైనుంచి ఒత్తిడి వస్తే, రెండు రోజుల్లో బామ్మ పాత్రను చంపేశాను. ఆ వారం అంకెలు పెరిగాయి. పది రోజులకు ఒక ప్రేక్షకురాలి ఉత్తరం వచ్చింది. "బామ్మగారి కళ్లజోడు ఇంకా టీవీ పక్కనే ఉంది. ఆ ఇంట్లో ఒక్కరూ దాని వంక చూడరేం?" అని రాసింది. సెట్లో దాన్ని తీయడం మరిచిపోయారు. నేనూ బామ్మను మరిచిపోయి తర్వాతి ట్విస్టు రాసుకుంటున్నాను. ఆ ఉత్తరం చాలా ఏళ్లు దాచుకున్నాను.

తొమ్మిదో సీజన్‌లో గుంజల మీద తలలు పెట్టిన ఎపిసోడ్ మరోసారి చూడు. అందరూ సంబరంగా జాతర చేసుకుంటుంటే పది మంది మాయమవుతారు. చావులు చూపించాక కథ అక్కడ ఆగలేదు. ప్రాణాలతో మిగిలిన సిద్దిఖ్ అందరి ముందూ నిలబడి, వాళ్లు చివరిదాకా ఒకరికోసం ఒకరు ఎలా పోరాడారో చెబుతాడు. నన్ను ఏడిపించింది తలలు కాదు, ఆ నాలుగు మాటలు.

ఎనిమిదో సీజన్‌లో రిక్ కొడుకు కార్ల్‌ను చంపడం మాత్రం నాకు మింగుడు పడలేదు. తండ్రి పోరాటమంతా ఆ కొడుకు కోసమే. కామిక్ ముగిసేది కూడా పెద్దవాడైన కార్ల్‌తోనే. ఆశ్చర్యం కోసం ఇంటి దూలాన్నే తీసేశారు.

ఇక నీ స్క్రిప్టు. రెండో ఎపిసోడ్‌లో చచ్చే నర్సును బతకనివ్వు. గాయాలకు కుట్లు వేయడం తెలిసింది ఆమెకొక్కదానికే కదా, ఆ పని చెల్లెలికి నేర్పడం మొదలుపెట్టించు. నాలుగో ఎపిసోడ్‌లో అన్నకు గాయమైనప్పుడు, సగం పాఠమే నేర్చుకున్న ఆ చెల్లెలి చేతికి సూది ఇవ్వు. నర్సు చావు అక్కడ తెలియాలి, అది కూడా ఆమె ఎందుకు రాలేదన్న ప్రశ్నతో. మిగిలిన ఆరు చావుల్లో డ్రైవర్‌ది ఒక్కటే ఉంచు. అతను తలుపు తీయడానికి కారణం మొదటి ఎపిసోడ్‌లోనే ఉంది, దాన్ని ఇంకాస్త కనబడేలా రాయి. చివరి సీన్లో తలుపు వెనక ఎవరున్నారో చెప్పకుండా తెర నల్లగా చేసేశావు. చూపించేసెయ్. చూశాక ఆ అమ్మాయి ఏం చేస్తుందో అక్కడ ఆపు.

దిద్దాక నాలుగో ఎపిసోడ్ ముందు పంపు. కుట్లు వేసే సీను చదవాలని ఉంది.

మీ మామయ్య