ముందు అమ్మకి చెప్పు

‘నాకు 19 ఏళ్లు. మా ఇల్లు డాలస్ దగ్గర, చదువు ఆస్టిన్‌లో. ఈ మధ్యే సొరోరిటీలో, అంటే కాలేజీ అమ్మాయిల సంఘంలో చేరాను. వచ్చే శుక్రవారం కొత్తవాళ్లం 20 మందిమి లేక్ దగ్గర క్యాబిన్‌కి వెళ్తున్నాం. నేను చప్పున ఎవరితోనూ కలవలేను. రెండు రోజుల్లో వాళ్లకి దగ్గరవడం ఎలా? ఇంట్లో ప్రాజెక్ట్ పనని చెప్పాను, తెలిస్తే అమ్మ ఊరుకోదు’ అని రాశావు.

కలవడం పెద్ద సంగతేం కాదు తల్లీ. అమ్మకి ఆడిన అబద్ధమే నిన్ను కలవనివ్వదు. రోజూ రాత్రి వీడియో కాల్‌లో చూసే అమ్మకి శనివారం ఏం చూపిస్తావు? అందరూ మంట చుట్టూ కూర్చుంటే నువ్వు ఫోన్ పట్టుకుని కార్ల వెనక్కి వెళ్లాలి. రెండుసార్లు అలా లేస్తే, నీకు వాళ్లంటే ఇష్టం లేదనుకుంటారు.

బుధవారంలోపు నువ్వే ఫోన్ చెయ్యి, నాన్నతో చెప్పించకు. క్యాబిన్ అడ్రసు, ఎవరి కారులో వెళ్తున్నావో, వెంట వచ్చే ఇద్దరు సీనియర్ల నంబర్లు, ఆదివారం ఎన్నింటికి తిరిగొస్తావో తను అడగకముందే చెప్పు. సొరోరిటీ అనగానే కంగారుపడితే, మన దక్షిణాసియా అమ్మాయిలు 1998లోనే టెక్సస్‌లో సొంతంగా సొరోరిటీలు పెట్టుకున్నారని చెప్పు: ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా. తాగుడు గురించి అడుగుతుంది. 21 నిండేదాకా ముట్టనని చెప్పి, ఆ మాట మీద నిలబడు. సొరోరిటీకి కట్టే డ్యూస్, అంటే సభ్యత్వ రుసుము, ఎంతో కూడా చెప్పేయ్. నాన్న డబ్బుతో కడుతూ నాన్న దగ్గరే దాచడం నాకు అస్సలు నచ్చదు. అమ్మ అరుస్తుంది, రెండు పూటలు మాట్లాడదు. తట్టుకో.

ఇక క్యాబిన్. 20 మందితో పని లేదు, ఇద్దరు దొరికితే చాలు. వాళ్లు వంటగదిలోనే దొరుకుతారు, శనివారం మధ్యాహ్నం వంట నేను చేస్తానని ముందే చెప్పు. అమ్మని అడిగి పులిహోర గుజ్జు చేసి సీసాలో పట్టుకెళ్లు. పక్క వంటకంగా కిలో బియ్యం 20 మందికి సరిపోతుంది, గుజ్జుకి 125 గ్రాముల చింతపండు. అన్నం పలుకుగా వండి, వెడల్పాటి ట్రేలో ఆరబోశాకే కలపాలి. వేడి మీద కలిపితే ముద్దవుతుంది. పల్లీలు వేయించే ముందు ఎవరికైనా పడవేమో కనుక్కో. ఆరబోసే పని ఇంకో అమ్మాయికి అప్పగించు, మాటలు అవే వస్తాయి.

మొదటి రాత్రి అందర్నీ కూర్చోబెట్టి మనసు విప్పమంటారు. ఇంటి గుట్టు అక్కడ పెట్టకు. వారం క్రితం పరిచయమైనవాళ్ల ముందు అమ్మానాన్నల తగువులు చెప్పుకుని ఏడిస్తే ఆ పూటకి దగ్గరైనట్టే ఉంటుంది, సోమవారం నువ్వే మొహం చాటేస్తావు. చదువు, భయాలు, ఇష్టాలు చెప్పు, చాలు.

ఫోన్లు తీసేసుకున్నా, నిద్రపోనివ్వకపోయినా, తాగమని ఒత్తిడి చేసినా అక్కడ ఉండొద్దు. టెక్సస్‌లో హేజింగ్, అంటే చేర్చుకునే పేరుతో కొత్తవాళ్లని వేధించడం, నేరం. నువ్వు ఒప్పుకున్నావన్నా ఆ సాకు చెల్లదు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ముందు 911కి చెయ్యి, ఆ వెంటనే అమ్మకి.