బండ లాగింది ఎడ్లా, తోలినవాడా?

కర్నూలు

అమ్మా,

నీ వ్యాసం నిన్న రాత్రి చదివాను, పొద్దున లేచి మళ్లీ చదివాను. ఫార్ములా వన్ కార్ల పందేల్లో ఎవరు గొప్ప డ్రైవరో అంకెలతో తేల్చాలని కూర్చున్నావు చూడు, ఆ పట్టుదల నాకు చాలా నచ్చింది. తెలుగులో ఈ ఆట గురించి రాసేవాళ్లే తక్కువ, రాసినా గెలిచినవాణ్ణి నాలుగు మాటలు పొగిడి వదిలేస్తారు. నువ్వు 1950 నుంచి ఫలితాలన్నీ ముందేసుకున్నావు. "ఉన్నదున్నట్టు చెప్పండి పెదనాన్నా" అన్నావు కాబట్టి నచ్చనిది కూడా ముందే చెప్పేస్తాను. నీ పట్టిక డ్రైవర్లను కొలవలేదు. డ్రైవరూ, కారూ, ఆ ఏటి రూల్సూ కలిసిపోయినదాన్ని కొలిచి, పక్కన డ్రైవరు పేరు ఒక్కటే రాసింది.

ఇదే తప్పు నేనూ చేశాను, అదీ అచ్చులో. పాతికేళ్ల వయసులో నంద్యాల చుట్టుపక్కల పల్లెల నుంచి ఒక పత్రికకు వార్తలు పంపేవాణ్ణి. ఒక ఊరి తిరునాళ్లలో బండలాగుడు పోటీలు పెట్టారు. ఏ జత ముందు దిగాలో చీటీలు తీశారు, ఇచ్చిన సమయంలో ఎక్కువ అడుగులు లాగిన జతకు మొదటి బహుమతి. నేను ఆ అడుగుల లెక్క చూసి, గెలిచిన జతను తోలిన మనిషి గురించి 'సీమలో ఇంతటివాడు లేడు' అని రాసి పంపాను. వారం తర్వాత ఆ ఊరి రైతు ఒకాయన బస్టాండులో నన్ను ఆపి అడిగాడు: "ఆ జత దిగింది పొద్దున్నే, చల్లపూట. మూడో బహుమతి వచ్చిన జత దిగింది మిట్టమధ్యాహ్నం, నేల కాలిపోతాంటే. అడుగులు కొలిచినావు సరే, ఎండ కొలిచినావా? ఆ గిత్తలు ఎట్లాంటివి, ఈ గిత్తలు ఎట్లాంటివి, చూసినావా?" నా దగ్గర జవాబు లేదు. ఆ మూడో జతను తోలినవాడి పేరు కూడా నేను రాసుకోలేదు. అది ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

ఇప్పుడు నీ పట్టికలో 2020 తీసి జార్జ్ రసెల్ ఎక్కడున్నాడో చూడు. దాదాపు అట్టడుగున. ఆ డిసెంబరులో సఖీర్ గ్రాండ్ ప్రీ అనే రేసుకు ముందు మెర్సిడెస్ జట్టు డ్రైవరు హామిల్టన్‌కు కొవిడ్ వస్తే, అతని కారు తోలడానికి విలియమ్స్ జట్టు నుంచి రసెల్‌ను పిలిచారు. అప్పటికి అతనికి ఫార్ములా వన్‌లో రెండు సీజన్లు కావస్తున్నాయి, వచ్చిన పాయింట్లు సున్నా. కాళ్లు పట్టవని ఒక సైజు చిన్న బూట్లు ఇరికించుకుని ఆ కారు ఎక్కాడు. క్వాలిఫయింగ్‌లో, అంటే రేసులో ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే ముందురోజు వేగం పోటీలో, ఏళ్ల తరబడి ఆ జట్టులోనే ఉన్న బొటాస్ కంటే 0.026 సెకను మాత్రమే వెనకబడ్డాడు. రేసులో చాలాసేపు అందరికంటే ముందున్నాడు. తర్వాత టైర్లు మార్చే పిట్‌లో జట్టువాళ్లు తికమకపడి బొటాస్ టైర్లు ఇతని కారుకు బిగించారు, వాటిని మార్చడానికి మళ్లీ ఆగాల్సి వచ్చింది, ఆ తర్వాత పంక్చర్ అయింది, చివరికి 9వ స్థానం. ఆ వారం రసెల్ కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు, మారింది కారు ఒక్కటే. నీ పట్టికకు మాత్రం కనిపించేది '9'. ఈ ఒక్క రేసు మీదే నువ్వు రెండు పేజీలు రాయొచ్చు, రాయాలి కూడా.

కారును పక్కన పెట్టి మనిషిని చూడాలంటే మనకున్న మంచి దారి టీమ్‌మేట్‌తో, అంటే అదే జట్టులో అదే రకం కారు తోలే రెండో డ్రైవరుతో పోల్చడం. అన్నదమ్ములు ఒకే చేను చెరిసగం పంచుకుని బుడ్డలు వేస్తే, దిగుబడిలో తేడా చేతిలో ఉందని కొంత ధైర్యంగా అనొచ్చు. అయితే అక్కడ కూడా బావి ఎవరి వైపు పడిందో కనుక్కోవాలి. జట్టు కొత్త భాగాలు ముందు ఎవరికి ఇచ్చింది, ఎవరికి దారి వదలమని రేడియోలో చెప్పింది, ఎవరి ఇంజిన్ ఎన్నిసార్లు కాలింది, ఇవన్నీ ఆ బావి లెక్కలోకే వస్తాయి.

2010 నుంచి 2012 దాకా మెక్‌లారెన్‌లో హామిల్టన్, బటన్ కలిసి ఉన్నారు. మూడేళ్ల పాయింట్లు కలిపితే బటన్‌కు 672, హామిల్టన్‌కు 657. గెలుపులు చూస్తే హామిల్టన్‌వి 10, బటన్‌వి 8. నువ్వు పాయింట్లు తీసుకుని బటన్ మేలు అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. 2012లో సింగపూర్‌లోనూ అబుదాబిలోనూ హామిల్టన్ ముందుండగానే కారు ఆగిపోయింది, ఆ పాయింట్లు అతని చేతిలోంచి పోయినవి కావు. అట్లాగని అన్నీ కారు మీదకు నెట్టడం కూడా కుదరదు, 2011లో ఫెరారీ డ్రైవరు మాస్సాతో పదే పదే తగులుకున్నది కారు కాదు కదా. అందుకని రేసు మధ్యలో ఆగిపోయినవాటికి 'రిటైర్' అని ఒకే గడి పెట్టకుండా, కారు చెడినవి వేరు, డ్రైవరు గుద్దినవి వేరు, ఎవరో వచ్చి గుద్దినవి వేరు రాసుకో. పని విసుగ్గా ఉంటుంది, ఒక్కో రేసు మళ్లీ చూడాల్సి వస్తుంది. కానీ నాకు తెలిసి ఈ లెక్కలో అసలు కష్టం ఇదే, నువ్వు దాటేసింది కూడా ఇదే.

క్వాలిఫయింగ్ తేడాలు సెకన్లలో రాశావు, శాతంలోకి మార్చు. మొనాకో ట్రాక్ 3.337 కిలోమీటర్లు, స్పా 7.004. 70 సెకన్ల ల్యాపులో, అంటే ట్రాక్ చుట్టూ ఒక చుట్టులో, 0.2 సెకను అంటే దాదాపు 0.29 శాతం, 105 సెకన్ల ల్యాపులో అదే 0.2 సెకను 0.19 శాతం. సగటు కూడా వద్దు, తేడాలన్నీ వరసగా పేర్చి నడిమిది తీసుకో, లేకపోతే వానలో ఒక్కరోజు జారిపోయిన ల్యాపు ఏడాదంతటినీ పాడుచేస్తుంది.

ఇక టీమ్‌మేట్ల గొలుసు. అతను ఇతన్ని ఓడించాడు, ఇతను ఇంకొకణ్ణి ఓడించాడు, కాబట్టి అతనే అందరికంటే పైన అంటూ ముప్పై ఏళ్లు వెనక్కి పోయావు. ఈ దారిలో పెద్దవాళ్లూ నడిచారు. 2020లో ఫార్ములా వన్, అమెజాన్ క్లౌడ్ వాళ్లు కలిసి 1983 నుంచి క్వాలిఫయింగ్ లెక్కలతో వేగవంతుల జాబితా ఒకటి ఇచ్చారు. సెన్నా మొదట, షూమాకర్ రెండు, హామిల్టన్ మూడు, అంతవరకు ఎవరూ పెద్దగా గొడవపడలేదు. 8వ పేరు కోవలైనెన్, మొత్తం కెరీర్‌లో గెలిచింది ఒక్క రేసు. వాళ్లు కొలిచింది ఒక ల్యాపు వేగం, జనం చదివింది గొప్పతనం. నువ్వు రాసేటప్పుడు ఆ తేడా మొదటి పేరాలోనే చెప్పెయ్యి. గొలుసులో వయసు కూడా చూడు. 2010లో రోస్‌బర్గ్‌కు 142 పాయింట్లు, షూమాకర్‌కు 72, కానీ ఆ షూమాకర్ మూడేళ్లు ఆట వదిలేసి 41 ఏళ్ల వయసులో తిరిగొచ్చినవాడు. ఆ కొక్కేనికి తగిలించి 1995 షూమాకర్‌ను కిందికి లాగడం న్యాయం కాదు.

1950ల నాటి డ్రైవరు ఫాంజియోను మొదటి స్థానంలో పెట్టావు, 51 రేసుల్లో 24 గెలుపులు, 47 శాతం. కారు ప్రభావాన్ని విడదీసి లెక్కగట్టిన షెఫీల్డ్ పరిశోధకులు కూడా 2016లో ఆయన్నే మొదట పెట్టారు. జవాబు ఒకటే వచ్చింది కదా అని నీ లెక్క సరిపోయిందనుకోకు. ఆ రోజుల్లో రేసు మధ్యలో టీమ్‌మేట్ కారు తీసుకుని తోలొచ్చు. 1951 ఫ్రాన్స్ గెలుపు ఫాజియోలితో, 1956 అర్జెంటీనా గెలుపు ముస్సోతో ఆయన పంచుకున్నవి. అదే ఏడు ఇటలీలోని మోంజాలో టీమ్‌మేట్ కాలిన్స్ తనకూ టైటిల్ అవకాశం ఉండి కూడా కారు దిగి ఈయనకు ఇచ్చేశాడు. ఈ సంగతి నీ వ్యాసంలో లేకపోవడం నాకు పెద్ద లోటుగా అనిపించింది.

రూల్సు గురించి ఒక్కటే. 1988లో మొత్తం పాయింట్లు ప్రోస్ట్‌వి 105, సెన్నావి 94. అయినా అప్పటి రూలు ప్రకారం 11 మేలైన ఫలితాలే లెక్క, దాంతో సెన్నా 90, ప్రోస్ట్ 87. నువ్వు అన్ని ఏళ్లకూ గెలిస్తే 25 పాయింట్లనే ఇప్పటి పద్ధతి వేసేశావు, ఆ డ్రైవర్లు ఆ రోజు ఆ రూలు తెలిసే తోలారు. గెలిస్తేనే లాభం అని తెలిసినవాడు ఒకరకంగా తోలతాడు, రెండో స్థానమైనా చాలనుకున్నవాడు ఇంకోరకంగా తోలతాడు.

నరైన్ కార్తికేయన్ పేరా చదివి నేనూ పొంగిపోయాను, మనవాడు కదా. అయినా 2005 ఇండియానాపోలిస్‌లో 4వ స్థానం, 5 పాయింట్లు అని ఆపేయడం సరికాదు. మిషెలిన్ టైర్లు పగిలిపోతాయన్న భయంతో 14 కార్లు పక్కకు తప్పుకున్నాయి, రేసులో మిగిలినవి ఆరు. అది రాస్తే ఆయన చిన్నబోడు. ఫార్ములా వన్‌కు చేరిన మొదటి భారతీయుడన్న మాట ఎట్లాగూ ఆయనదే.

ఇంకొక్క సంగతి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసుకు నువ్వు పోయొచ్చావు. మలుపు ఇంకా రాకముందే కార్ల చప్పుడు తగ్గిపోతోందని, బ్యాటరీ మిగుల్చుకోవడానికి ముందే కాలు తీసేస్తున్నారని ఆ రాత్రి ఫోన్లో గంటసేపు చెప్పావు. వెర్న్ గెలిచిన ఆ రేసులో నెమ్మదైన ల్యాపు చేతకానితనం కాదని నువ్వు చెవులతో విన్నావు, ఏ పట్టికలోనూ ఆ చప్పుడు లేదు. వ్యాసంలో దాని గురించి ఒక్క ముక్క కూడా లేదేమమ్మా? దాంతో మొదలుపెట్టి తిరగరాసి పంపు, పట్టిక చివర్లో పెట్టు. ఉగాదికి మా వైపు బండలాగుడు ఉంది, అనంతపురం నుంచి పొద్దున బస్సుకు వస్తే తోలుకుపోతాను. ఈసారి మొదటి జత నుంచి చివరి జత దాకా నిలబడి చూద్దాం, నువ్వు నోటుబుక్కు తెచ్చుకో.

మీ నాన్నను అడిగానని చెప్పు.

ఉంటాను,
పెదనాన్న