డెత్ మాస్క్‌లో కనిపించే ప్రశాంతత ఎవరిది?

ప్రశ్న: చనిపోయినవారి ముఖం మీద ప్లాస్టర్ పోసి అచ్చు ఎలా తీసేవారు? ఆ మాస్కుల్లో కనిపించే ప్రశాంతత నిజంగా ఆ మనిషిదేనా?

జవాబు: రెండోదానికి ముందు చెప్తాను. చాలావరకు కాదు. ప్రాణం పోగానే ముఖ కండరాలు వదులైపోతాయి. నుదుటి ముడతలు పల్చబడతాయి, మూతి బిగువు సడలుతుంది. నానా యాతన పడి పోయినవారి ముఖం కూడా కునుకు తీస్తున్నట్టు ఉంటుంది. పైగా శరీరం వెల్లకిలా ఉంటుంది కాబట్టి బుగ్గల్లోని కండ చెవుల వైపు జారి, ముక్కు, దవడ ఎముకలు పైకి తేలతాయి. గంటలు గడిచేకొద్దీ కనుగుడ్లు లోపలికి దిగుతాయి. ఇదంతా ప్లాస్టర్ ముట్టుకోకముందే జరిగిపోతుంది.

అందుకే ఈ పనిలో మొదటి శత్రువు ఆలస్యం. కనురెప్పలు, దవడ 2 నుంచి 4 గంటల్లోనే బిగుసుకోవడం మొదలుపెడతాయి. ఆలోపు రెప్పలు మూసి, గడ్డం కింద నుంచి నడినెత్తి మీదకు గుడ్డ కట్టాలి. లేకపోతే నోరు తెరుచుకునే ఉండిపోతుంది. తర్వాత బలవంతంగా మూస్తే పెదవులు వంకరపోతాయి.

ఒక ముఖానికి దాదాపు 2 కిలోల ప్లాస్టర్ ఆఫ్ పారిస్, 1.4 లీటర్ల నీళ్లు సరిపోతాయి. ముందు కనుబొమలు, రెప్ప వెంట్రుకలు, మీసం, గడ్డాలకు వాజలిన్ దట్టంగా పట్టించి, వెంట్రుకలు పెరిగిన దిశలోనే అణచాలి. చర్మానికి మాత్రం నూనె పల్చగా, వేలితో తుడిచినట్టు రాస్తే చాలు. ఎక్కువైతే చర్మరంధ్రాలు, సన్నని గీతలు పూడిపోయి ముఖం బొమ్మలా నున్నగా వస్తుంది. తక్కువైతే అచ్చు లాగినప్పుడు కనుబొమలు ఊడి వస్తాయి. ముక్కుపుటాల్లో దూది పెట్టాలి.

తర్వాత నుదుటి నుంచి ముక్కు మీదుగా గడ్డం దాకా గట్టి పట్టుదారం ఒకటి పరుస్తారు. ప్లాస్టర్‌ను నీళ్లలో చల్లాలి, ప్లాస్టర్‌లో నీళ్లు పోయకూడదు, పోస్తే ఉండలు కడుతుంది. గరిటెజారుగా కలిపి, మొదటి పూతలో కొంచెం రంగు వేసి 3 నుంచి 5 మిల్లీమీటర్ల మందాన కుంచెతో పట్టిస్తారు. దాని మీద తెల్ల ప్లాస్టర్ రెండు సెంటీమీటర్లు. అది గట్టిపడుతూ ఇంకా కత్తికి తెగే దశలో ఉన్నప్పుడు దారాన్ని పైకి లాగితే అచ్చు నిలువునా రెండు ముక్కలవుతుంది. తొందరపడితే కోత మళ్లీ అతుక్కుంటుంది, ఆలస్యం చేస్తే దారం తెగుతుంది. ఈ పనిలో చేయి తిరిగినవాడికీ కొత్తవాడికీ తేడా ఆ ఒకటి రెండు నిమిషాల్లోనే తెలుస్తుంది.

అరగంట తర్వాత ముక్కలు ఊడదీసి, కలిపి కట్టి, లోపల సబ్బునీళ్లు పట్టించి మళ్లీ ప్లాస్టర్ పోస్తారు. అది గట్టిపడ్డాక పై అచ్చును ఉలితో చెక్కేస్తారు. మొదటి పూతకు రంగు కలిపింది ఇందుకే: రంగు కనిపించిందంటే ముఖం దగ్గరకొచ్చాం, సుత్తి దెబ్బ తగ్గించాలి. అచ్చు లోపల గాలి బుడగలు మిగిలితే అవి పోతలో చిన్న బొడిపెలుగా తేలతాయి. మాస్క్ మీద పులిపిరి కనిపించగానే ఆ మనిషికీ ఉండేదని రాసేయకండి. ముందు పాత చిత్రపటాలు చూడండి.

బరువు సంగతీ మరవకూడదు. తడి ప్లాస్టర్ మెత్తటి బుగ్గలను, పెదవులను నొక్కుతుంది. అందుకే శిల్పులు తర్వాత ఉలి పట్టి కళ్లు, పెదవులు సరిదిద్దేవారు. ఆ సరిదిద్దడం ఎంతవరకో బయటివాడు చెప్పడం కష్టం.

ఇక ఉదాహరణలు. నెపోలియన్ 1821 మే 5న పోయాడు, అచ్చు తీసింది 7న. ఆ రెండు రోజుల మార్పు ముఖంలో ఉండక తప్పదు. జర్మన్ సంగీతకర్త బెథోవెన్‌ది ఇంకా తమాషా. పెదవులు బిగించి గుర్రుగా చూస్తున్నట్టుండే, అందరూ డెత్ మాస్క్ అనుకునే ముఖం నిజానికి 1812లో శిల్పి ఫ్రాంజ్ క్లైన్ బతికున్న మనిషి మీద తీసింది. ఆ బిగింపు చూసి ఆయన స్వభావాన్ని వర్ణించినవారు చాలామంది. ముఖం మీద చల్లటి ప్లాస్టర్ పోసి కదలొద్దంటే ఎవరైనా మూతి బిగిస్తారు కదా! అసలు డెత్ మాస్క్ 1827 మార్చిలో, ఆయన పోయాక, చిత్రకారుడు డాన్‌హౌజర్ తీశాడు. అప్పటికే శవపరీక్షలో కణత ఎముకలు తీసేయడంతో ముఖం రెండు వైపులా కుంగిపోయి ఉంటుంది. దాన్ని గోడకు తగిలించుకునేవారు తక్కువే.

'సెన్ నది అజ్ఞాత యువతి' మాస్క్ దీనికి ఎదురు. నదిలో మునిగి చనిపోయిన అమ్మాయిదని 19వ శతాబ్దం చివర్లో పారిస్‌లో మొదలైన కథ. నీళ్లలో నానిన ముఖం ఉబ్బుతుంది, చర్మం వదులవుతుంది. ఈ ముఖంలో బుగ్గలు బిగువుగా ఉన్నాయి, పెదవుల మీద చిన్న నవ్వుంది. బతికున్న మోడల్ ముఖమనే వాదానికే నా ఓటు. 1960లో నార్వేలో బొమ్మలు తయారుచేసే ఆస్మండ్ లేర్డాల్ కృత్రిమ శ్వాస నేర్పే బొమ్మకు ఈ ముఖాన్నే పెట్టాడు.

మీ చేతికి మాస్క్ వస్తే మొదట కనురెప్పలు చూడండి. బతికున్నవారివైతే గట్టిగా మూసుకున్న ముడతలుంటాయి. పోయినవారివి లోపలికి దిగి, కొన్నిసార్లు రెండు కళ్లూ ఒకే తీరున ఉండవు. తర్వాత నుదుటి చర్మం. రంధ్రాలు, సన్నని గీతలు కనిపిస్తే తొలి పోతకు దగ్గరిది. సబ్బుబిళ్లలా నున్నగా ఉంటే నకలుకు నకలు తీసింది కావచ్చు.